మెరుపు ఫొటోలో పిడుగు ఎక్కడ?

పోయిన మే నెలలో ఒక సాయంత్రం హైదరాబాద్‌లో గాలీవానా మొదలైంది. కరెంటు పోయింది. మేముండేది ఆరో అంతస్తులో. హాల్ కిటికీ ముందు ట్రైపాడ్ వేసి, కెమెరా బిగించి, షట్టర్ ఇరవై సెకన్లకి పెట్టి కూర్చున్నాను. గంటంబావు కూర్చుంటే నూట డెబ్భై చిల్లర ఫ్రేములొచ్చాయి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కుదిరింది. ఎదురుగా కడుతున్న టవర్ పక్కనుంచి, వేళ్ళతో సహా పీకి తలకిందులుగా పట్టుకున్న చెట్టులాగా ఒక మెరుపు. రంగులు కాస్త సవరించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. పది నిమిషాల్లో నాకు అంతకుముందు ఎప్పుడూ రానన్ని లైకులొచ్చాయి.

పదింటికి అమ్మ ఫోన్ చేసింది. ఊళ్ళో కూడా వానేనట. "చెరువు కింద మేకలు తోలుకుపోయినాయన మీద పిడుగు పడిందిరా. చెట్టు కింద నిలబడ్డాడంట. ముగ్గురు పిల్లలు. నువ్వేం చేస్తున్నావు?" అంది. మెరుపుల ఫొటోలు తీస్తున్నానని చెప్పలేకపోయాను. "ఏం లేదమ్మా, కరెంటు లేదు" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకాడానో తేల్చుకోవడానికే ఈ వ్యాసం. మెరుపు ఫొటో అంటే నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే ఇన్నాళ్ళూ దాన్ని చూసి 'అబ్బ' అనడమే తప్ప, ఒక కథనో సినిమానో చదివినట్టు దాన్ని చదవలేదు. ఒకసారి చదివి చూద్దాం.

*

ముందు మాటల సంగతి. ఇంగ్లీషులో మామూలు వాడుకలో లైట్నింగ్ అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మనకి రెండు మాటలున్నాయి. మెరుపు మెరుస్తుంది, పిడుగు పడుతుంది. మెరుపు కంటికి సంబంధించింది, పిడుగు ఒంటికి సంబంధించింది. భౌతికశాస్త్రం అడిగితే రెండూ ఒకే విద్యుత్తు, తేడా అంతా అది ఎక్కడ ఆగిందన్నదే. కానీ భాష ఆ తేడాని పట్టుకుని రెండు వేరే లోకాలు కట్టింది. మెరుపు కవుల చేతుల్లోకి వెళ్ళి నాయిక నడుమయింది, తీగయింది, చిరునవ్వయింది. పిడుగు జనం నోళ్ళలోకి వెళ్ళి తిట్టయింది, సామెతయింది, నెత్తిన పడే వార్తయింది. అల్లరి పిల్లాణ్ణి ముద్దుగా పిడుగు అన్నా, అందులో కూడా 'వీడు ఎవరి మీద పడతాడో' అన్న బెదురు కాస్త ఉంటుంది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటాం. మంగలమంటే గింజలు వేయించుకునే పాత కుండపెంకు. ఆకాశానికీ దానికీ ఏ తగాదా లేదు. అయినా పడేది దాని మీదే. ఈ సామెత తయారుచేసినవాళ్ళు మెరుపుని చూసి ఆనందించేంత దూరంలో ఉన్నవాళ్ళు కారని నాకనిపిస్తుంది.

నా వాదన ఇదీ: కెమెరా ఇప్పటిదాకా మెరుపుని మాత్రమే ఫొటో తీసింది. పిడుగు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తగా, పాస్‌పోర్ట్ సైజు ఫొటోతో మిగిలిపోయింది. ఇలా ఎందుకయిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

*

ఫొటో రాకముందు యూరోపియన్ చిత్రకారులు మెరుపుని జిగ్‌జాగ్‌గా వేసేవాళ్ళు. కోసుగా విరిగే గీతలు, చివర బాణం ములికి. ఇప్పటికీ కరెంటు స్తంభాల మీద డేంజర్ బోర్డులోనూ, ఫోన్‌లో ఛార్జింగ్ గుర్తులోనూ ఉన్నది ఆ గీతే. స్టీమ్ హ్యామర్ కనిపెట్టిన ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ 1856లో దీని మీద అభ్యంతరం చెప్పాడు. నేను చూసిన మెరుపులేవీ అలా లేవు, వంకరటింకర నదుల్లా ఉన్నాయి అని ఆయన గొడవ. కానీ కన్ను సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారు? అర సెకను కూడా ఉండని దాన్ని చూశానని ఒకడంటే, నేను ఇంకోలా చూశానని ఇంకొకడంటాడు.

ఆ తగువు తీర్చింది ఫిలడెల్ఫియాకి చెందిన విలియమ్ జెన్నింగ్స్ అనే ఫొటోగ్రాఫర్. 1882లో ఆయన తీసినవి మెరుపుల తొలి ఫొటోల్లో పేరుపొందినవి. ఆయన పట్టుదల కూడా అదే, చిత్రకారుల జిగ్‌జాగ్ తప్పని నిరూపించడం. అప్పటికి జెలటిన్ డ్రై ప్లేట్లు వచ్చాయి కాబట్టి, తడి ప్లేటు ఆరిపోతుందనే కంగారు లేకుండా చీకట్లో లెన్సు తెరిచిపెట్టుకుని కూర్చునే వీలు దొరికింది. ప్లేటు మీద తేలింది జిగ్‌జాగ్ కాదు. కొమ్మలు, రెమ్మలు, ఎటో వెళ్ళి మధ్యలో ఆగిపోయిన దారులు.

జెన్నింగ్స్ ఫొటోలు ఇప్పుడు చూస్తే సాదాగా ఉంటాయి. నల్లటి ఆకాశం, తెల్లటి గీత. కానీ నాకు ఆ ఫొటోల్లో నచ్చేది వాటి పొగరు లేనితనం. 'చూడండి నేనెంత గొప్పగా పట్టుకున్నానో' అనవు. 'అది ఇలా ఉంటుంది, అంతే' అంటాయి. ఈ జాతి ఫొటోలు పుట్టింది ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

*

మన పేపర్లలో ఒక అలవాటుంది. ఎవరైనా మెరుపు ఫొటో తీస్తే 'మెరుపుని కెమెరాలో బంధించాడు' అని రాస్తారు. నాకు ఈ 'బంధించడం'తో పేచీ. ఆ పని చేసి చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది, అక్కడ బంధించడం ఏమీ జరగదని.

మెరుపుని చూసి బటన్ నొక్కితే అయిపోయినట్టే. మన కన్ను చూసి, బుర్ర చెప్పి, వేలు కదిలేసరికి సెకనులో ఐదో వంతు పోతుంది. మెరుపులో మొదటి వెలుగు అప్పటికే ఆరిపోయి ఉంటుంది. కాబట్టి రాత్రిపూట చెయ్యగలిగింది ఒకటే. ఐఎస్‌ఓ వంద, అపర్చర్ ఎనిమిది దగ్గర, ఫోకస్ దూరంగా ఉన్న దీపం మీద పెట్టి లాక్ చేసి, షట్టర్‌ని పదో ఇరవయ్యో సెకన్లు తెరిచి ఉంచడం. అది మూసుకోగానే మళ్ళీ తెరవడం. మెరుపు వస్తే అదే వచ్చి తన బొమ్మ తాను గీసుకుపోతుంది. రాకపోతే నల్లటి ఫ్రేము. ఇందులో ఒక తమాషా ఉంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందన్నదాన్నిబట్టి ఊరి దీపాల వెలుగు పెరుగుతుంది కానీ, మెరుపు వెలుగు పెరగదు. అది తను ఉన్నంతసేపే ఉంటుంది. దాని వెలుగు ఎంత పడాలన్నది అపర్చర్ చేతిలో ఉంటుంది. అంటే ఒకే ఫొటోలో రెండు రకాల కాలం ఉంటుంది. ఊరి కాలం ఇరవై సెకన్లు, మెరుపు కాలం ఒక రెప్పపాటు కూడా కాదు.

అందుకని 'బంధించడం' బదులు మన దగ్గరే ఇంకో మాట ఉంది: కాపు కాయడం. చేలో మంచె మీద కూర్చుని పందులు వస్తాయేమోనని రాత్రంతా చూస్తారే, అది. వస్తే వస్తాయి, లేకపోతే తెల్లారుతుంది. మెరుపు ఫొటో నిజానికి ఆ కాపలా ఫొటో. నూట డెబ్భై ఫ్రేముల్లో ఒకటి కుదిరిందంటే మిగతావన్నీ దండగ అని కాదు. ఆ ఒక్కటీ వాటివల్లే వచ్చింది. అయితే మనం పోస్టు చేసేది మాత్రం ఆ ఒక్కదాన్నే. దాంతో చూసేవాళ్ళకి అది వేటలా, గెలుపులా కనిపిస్తుంది.

కెమెరా కన్ను చూడలేనిది చూసిన సందర్భాలూ ఉన్నాయి. 1930లలో దక్షిణాఫ్రికాలో బాసిల్ షోన్లాండ్, ఆయన తోటివాళ్ళు తిరిగే లెన్సులున్న బాయ్స్ కెమెరాతో మెరుపుని విడదీసి చూశారు. ముందు మబ్బులోంచి సన్నటి దారి ఒకటి అంచెలంచెలుగా, దాదాపు యాభై మీటర్లకోసారి ఆగుతూ కిందికి దిగుతుంది. నేల దగ్గరయ్యాక, కింద ఎత్తుగా ఉన్న దేని నుంచో ఒక పాయ పైకి లేస్తుంది. రెండూ కలిసిన క్షణంలో అసలు వెలుగు పుడుతుంది. ఆ వెలుగు పాకేది కింద నుంచి పైకి. మనం 'పడింది' అనేది కంటికి కనిపించేంతవరకూ నిజానికి లేచింది. 1989లో అమెరికాలో తక్కువ వెలుతురులో పనిచేసే కెమెరా ఒకటి పరీక్షిస్తుంటే, తుఫాను మబ్బుల పైన ఎంతో ఎత్తులో మెరిసే వెలుగులు అనుకోకుండా రికార్డయ్యాయి. వాటికి తర్వాత స్ప్రైట్స్ అని పేరు పెట్టారు. కాపు కాసేవాడికి అప్పుడప్పుడూ అనుకోనిది కూడా దొరుకుతుంది.

*

ఇప్పుడు ఈ జాతిలో అందరికీ తెలిసిన ఫొటో. 1902 జూన్ 3 రాత్రి పారిస్‌లో గాబ్రియేల్ లొప్పే తీసింది. ఐఫిల్ టవర్ నల్లగా నిలబడి ఉంటుంది, దాని తలమీదికి మెరుపు దిగుతుంది. లొప్పే అసలు ఆల్ప్స్ పర్వతాలని బొమ్మలు వేసిన చిత్రకారుడు, కొండలెక్కేవాడు. కొండకీ ఆకాశానికీ ఉండే సంబంధం ఆయనకి బాగా తెలుసు. ఆ చూపుతోనే టవర్‌ని చూశాడు.

ఈ ఒక్క ఫొటో ఒక వ్యాకరణం రాసిపెట్టింది. ఎత్తైన కట్టడం ఒకటి ఉండాలి, దాని కొసన మెరుపు తాకాలి. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్, రియోలో క్రీస్తు విగ్రహం, దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా, అన్నీ ఈ సూత్రం మీద నడిచినవే. మన దగ్గరా అంతే. వాన పడిన రాత్రి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరో, హుస్సేన్ సాగర్ బుద్ధుడి వెనకో మెరుపు కోసం చూస్తాం. నా టవర్ ఫొటో కూడా ఆ సంతానమే.

ఈ ఫొటోలు భయంకరంగా కనిపిస్తాయి కదా. కానీ ఆలోచించండి. ఐఫిల్ టవర్ మీద పిడుగు పడితే ఏమవుతుంది? మామూలుగా ఏమీ కాదు. అది ఇనుము, నేలకి దారి ఉంది. బుర్జ్ ఖలీఫాకీ అంతే. పిడుగు పడి ఏమీ కాని చోటుకి వెళ్ళి, అక్కడే పదే పదే ఫొటో తీసి, దాన్నే ప్రకృతి భీభత్సం అంటున్నాం. ఈ జాతిలో అందరికీ నచ్చిన బొమ్మ భద్రతకి తీసిన బొమ్మ. అందులో నగరం తనని తాను చూసి మురిసిపోతుంది, 'నన్నేం చేయగలవు' అంటుంది. పిడుగు ఏమైనా చేసే చోటు ఇంకోటి. అక్కడ అందరికంటే ఎత్తుగా ఉండేది ఒక తాడిచెట్టు, లేకపోతే వంగి లేచిన ఒక మనిషి. ఆ స్కైలైన్‌ని ఎవరూ ఫ్రేము చెయ్యరు.

*

ఫొటోగ్రాఫర్లు వదిలేసిన ప్రశ్నని కళాకారులు ఎలా పట్టుకున్నారో రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది వాల్టర్ డి మరియా చేసిన లైట్నింగ్ ఫీల్డ్. అమెరికాలో న్యూ మెక్సికో పడమటి ఎడారి మైదానంలో, 1977లో పూర్తయింది. ఒక మైలు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పున్న చోట 400 స్టీలు కడ్డీలు, ఒకదానికొకటి 220 అడుగుల దూరంలో పాతారు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, కడ్డీల కొసలన్నీ ఒకే మట్టంలో ఉండేలా ఒక్కోదాని పొడవు లెక్కవేశారు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒక చెక్క గుడిసెలో, మహా అయితే ఆరుగురు, ఒక రాత్రి ఉండాలి. కెమెరా తీసుకెళ్ళి ఫొటోలు తియ్యకూడదు.

తమాషా ఏంటంటే, ఆ పని ప్రపంచానికి తెలిసింది ఫొటోల వల్లే. జాన్ క్లియెట్ తీసిన ఫొటోల్లో కడ్డీల మీద మెరుపులు దిగుతుంటాయి. అవి చూసినవాళ్ళు అక్కడ రోజూ అదే జరుగుతుందనుకుంటారు. నిజానికి అక్కడ పిడుగు కడ్డీల మీద పడటం అరుదు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది చూసేది పొద్దున్నా సాయంత్రం ఎండ వాలినప్పుడు మెరిసి, మిట్టమధ్యాహ్నం దాదాపు మాయమైపోయే కడ్డీల్ని. అంటే పేరు మెరుపుది, అనుభవం ఎదురుచూపుది. కాపు కాయడాన్నే కళగా చేశాడన్నమాట. కెమెరా వద్దనడంలో అహంకారం లేకపోలేదు, ఏ బొమ్మ బయటికి వెళ్ళాలో మేమే నిర్ణయిస్తాం అనే యజమానితనం కూడా ఉంది. అయినా నాకు ఆ నిషేధం నచ్చింది. ఆ ఒక్క మెరుపు కోసం వచ్చినవాణ్ణి మిగతా నూట అరవైతొమ్మిది ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది.

రెండోది జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో లైట్నింగ్ ఫీల్డ్స్. పేరులో ఒక బహువచనం తప్ప తేడా లేదు గానీ, దారి పూర్తిగా వేరు. 2000ల చివర్లో చేసిన ఈ వరసలో ఆకాశం లేదు, వాన లేదు, అసలు కెమెరానే లేదు. చీకటి గదిలో లోహపు బల్ల మీద ఫిల్మ్ పరిచి, 4 లక్షల వోల్టుల వాన్ డి గ్రాఫ్ జనరేటర్‌తో దాని మీదికి నేరుగా మెరుపుని వదిలాడు. ఫిల్మ్ మీద మిగిలింది ఆ తాకిడి. పెద్ద ప్రింట్లలో అవి నదీముఖాల్లా, ఈకల్లా, సముద్రం అడుగున పాకే ప్రాణుల్లా ఉంటాయి.

చాలా అందమైన బొమ్మలు. ఒక రకంగా ఇప్పటిదాకా వచ్చిన మెరుపు ఫొటోలన్నిట్లో ఇవే నిజాయితీ అయినవి, ఎందుకంటే మధ్యలో లెన్సు లేదు, దూరం లేదు. మెరుపు వచ్చి ఫిల్మ్‌ని ముట్టుకుంది, అంతే. అయినా వాటి ముందు నిలబడితే నాకు ఒక లోటు కనిపిస్తుంది. అక్కడ ఎదురుచూపు లేదు. స్విచ్ నొక్కితే వచ్చే మెరుపు అది. దానికి ఎవరి మీదా పడే స్వేచ్ఛ లేదు. డి మరియా ఆకాశాన్ని బతిమాలుకున్నాడు, సుగిమోటో ఆకాశాన్నే పక్కన పెట్టాడు.

అయితే సుగిమోటో బొమ్మల్లో కొమ్మలు కొమ్మలుగా విడిపోయే ఆ ఆకారం ఇంకోచోట కూడా కనిపిస్తుంది. 1777లో గియోర్గ్ లిక్టెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త విద్యుత్తు తాకిన పలక మీద పొడి చల్లితే ఇలాంటి ఆకారాలే తేలాయి. వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. పిడుగు తగిలి బతికినవాళ్ళలో కొందరి చర్మం మీద కూడా అదే ఆకారం ఎర్రగా తేలుతుంది. వీపు మీదో భుజం మీదో ఫెర్న్ ఆకులా పరుచుకుని, కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో మాయమైపోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో చాలామంది దాన్ని నిజంగానే ఫొటో అనుకున్నారు. పక్కనున్న చెట్టు బొమ్మని మెరుపు ఆ మనిషి ఒంటి మీద ముద్రించిందని నమ్మారు. ఫొటోగ్రఫీ కొత్తగా వచ్చిన రోజులు మరి, ప్రతిదీ ఫొటోలాగే కనిపించేది.

ఆ నమ్మకం తప్పే. కానీ ఒక విమర్శకుడిగా నాకు ఆ తప్పు దగ్గర ఆగాలనిపిస్తుంది. మెరుపుని మనం ఫొటో తీస్తే అది ఆకాశంలో దూరంగా ఉంటుంది, గోడకి తగిలించుకుంటాం. మెరుపు మనల్ని ఫొటో తీస్తే, ఆ ప్రింటు ఒక మేకల కాపరి వీపు మీద ఉంటుంది. రెండు రోజుల్లో చెరిగిపోతుంది, దాన్ని ఎవరూ ప్రదర్శనకి పెట్టరు. పిడుగు ఫొటో అంటూ ఒకటి ఉంటే అది ఇదే.

*

2021 జులై 11న జైపూర్ దగ్గర అంబర్ కోట ఎదురుగా ఉన్న వాచ్ టవర్ మీద పిడుగు పడి కనీసం 11 మంది చనిపోయారు. వాన చూడ్డానికి పైకెక్కారు, కొందరు సెల్ఫీలు తీసుకుంటున్నారని వార్తలొచ్చాయి. మర్నాడు శీర్షికలన్నిట్లోనూ 'సెల్ఫీ' అన్న మాటే. పిల్లలకి బుద్ధి లేదు, ఫోన్ల పిచ్చి అని జనం తీర్పు చెప్పేశారు.

ఫోన్ పిడుగుని లాగదు. లాగేది ఎత్తు. చేతిలో ఫోన్ లేకుండా ఆ బురుజు మీద నిలబడినా అంతే జరిగేది. అయినా ఆ శీర్షిక ఎందుకంత నచ్చిందంటే, చనిపోయినవాళ్ళదే తప్పని అది చెబుతుంది కాబట్టి. అదే ఒకట్రెండు రోజుల్లో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో కలిపి పిడుగుపాటుకి 60 మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది సెల్ఫీలు తీసుకోవడం లేదు. పొలంలో ఉన్నారు, పశువులతో ఉన్నారు, వాన వస్తే చెట్టు కిందికి పరిగెత్తారు. వాళ్ళ గురించి పెట్టడానికి శీర్షిక దొరకలేదు.

మన దేశంలో ఏడాదికి రెండు వేల మందికి పైగా పిడుగుల వల్ల చనిపోతున్నారు. ప్రకృతి వల్ల జరిగే మరణాల లెక్కల్లో వరదలకంటే, వడదెబ్బకంటే దీని వాటానే ఎక్కువగా ఉంటోంది. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ అంకె చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన 'అబ్బ, ఎన్ని ఫొటోలు' అన్నది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాను గానీ, అది వచ్చిన మాట నిజం. ఈ ఫొటోల్ని వెనకాల ఏమీ లేని అందాలుగా చూడ్డం మన కళ్ళకి అంతగా అలవాటయిపోయింది.

*

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి గురించి కూడా చెప్పాలి. గంటసేపు వచ్చిన మెరుపుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫొటోగా చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌లో రెండు క్లిక్కుల పని. పాతిక మెరుపులు ఒకేసారి ఊరి మీద విరుచుకుపడుతున్నట్టుంటుంది. ఇలా పేర్చానని కింద రాస్తే నాకే అభ్యంతరమూ లేదు, అదొక రకం కాలపటం. చాలామంది రాయరు. ఆకాశం ఊదారంగు, మెరుపు నీలంతెలుపు, కింద రోడ్డు నారింజ. వరంగల్ అయినా వియన్నా అయినా అదే ప్రీసెట్. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటే ఇదే.

జెన్నింగ్స్ సంగతి గుర్తుందా? చిత్రకారులు వేసిన అబద్ధాన్ని సరిదిద్దడానికి కెమెరా పట్టుకున్నాడు. నూట నలభై ఏళ్ళు తిరిగేసరికి ఆ కెమెరాతోనే మనం మళ్ళీ చిత్రకారుడి అబద్ధానికి వచ్చాం. జిగ్‌జాగ్ గీతలు పోయాయి, వాటి బదులు ఎవరూ ఏనాడూ చూడని తుఫాను వచ్చింది. ఫోన్ల సంగతి ఇంకో మెట్టు. వీడియో తీసి, వెలుగొచ్చిన ఫ్రేము ఏరుకుంటే చాలు. ఇది చెడ్డదని అనను. నా నూట డెబ్భై ఫ్రేములూ ఒక రకంగా ఏరుకోవడమే. కానీ ఎదురుచూపు పోయి ఏరుకోవడం మాత్రమే మిగిలితే, వానతో మనకి ఉండే ఆ కాస్త పరిచయం కూడా పోతుంది.

ఆ పరిచయం మా అమ్మమ్మకి ఉండేది. ఉరిమినప్పుడల్లా అర్జునుడి పది పేర్లు చదివేది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎంతసేపు పట్టిందో ఆ పేర్లతోనే కొలిచేది. ఐదో పేరు దగ్గర ఉరిమితే 'దగ్గర్లోనే ఉంది, లోపలికి రండి' అనేది. మెరిసిన మూడు సెకన్లకి ఉరిమితే కిలోమీటరు దూరమని నేను తర్వాత స్కూల్లో చదువుకున్నాను. ఆవిడ లెక్క కూడా దాదాపు అదే. మెరుపు చూసి పిడుగు ఎక్కడుందో ఆలోచించేది. మెరుపు ఫొటో ముందు మనం చెయ్యనిది ఆ పనే. ఫొటోలో ఉరుము ఉండదు కదా, దూరం కొలుచుకునే వీలే లేదు.

*

మంచి మెరుపు ఫొటో ఎలా ఉండాలో చెప్పేంత వాణ్ణి కాను. నా సొంత ఫ్రేముల గురించి మాత్రం చెప్పగలను.

అమ్మ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక, డిలీట్ చేద్దామని మిగతావన్నీ తెరిచాను. ఎక్కువ భాగం నలుపే. కొన్నిట్లో అద్దం మీద నీటి చారలు. ఒకదాని దగ్గర ఆగాను. అందులో మెరుపు లేదు. మెరిసింది ఫ్రేము బయట ఎక్కడో, నా బిల్డింగు వెనక వైపు. దాని వెలుగు మాత్రం ఎదురుగా పడింది. కడుతున్న ఆ టవర్ కింద, ఎప్పుడూ నా ఫ్రేములో కిందికి కట్ చేసే చోట, రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. గాలికి ఒక షెడ్డు రేకు లేచినట్టుంది. ఇద్దరు నీలం పట్టా పట్టుకుని నాలుగు మూలలకీ చేతులు చాలక నిలబడ్డారు. ఒక ఆవిడ గుమ్మంలో పిల్లాణ్ణి ఎత్తుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఇరవై సెకన్ల చీకట్లో వాళ్ళు ఎటెటు కదిలారో తెలీదు. ఆ రెప్పపాటు వెలుగులో ఎలా ఉన్నారో అలా నిలిచిపోయారు.

వాళ్ళు అక్కడున్నారని రెండేళ్ళుగా నాకు తెలుసు. పొద్దున బాల్కనీలో కాఫీ తాగుతూ రోజూ చూస్తాను. అయినా వాన మొదలవగానే నాకు గుర్తొచ్చింది ట్రైపాడ్.

ఆ ఫొటో ఎక్కడా పెట్టలేదు. వాళ్ళని అడగకుండా పెట్టడం సరి కాదనిపించింది. మర్నాడు పొద్దున కిందికి దిగి అడిగితే, రేకు ఎగిరిపోయిందని, సామాను తడిసిందని, మనుషులకేం కాలేదని చెప్పారు. పిడుగు పడేలా ఉన్నప్పుడు టవర్ లోపలికి వెళ్ళి నిలబడండి, ఇనప రాడ్లకి దూరంగా ఉండండి అన్నాను. "లోపలికి రానివ్వరు సార్, గేటుకి తాళం" అన్నాడాయన. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీతో మాట్లాడి, వాన రాత్రుల్లో మా పార్కింగ్‌లో తలదాచుకోవడానికి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. అదేం గొప్ప పని కాదు. ఆ ఫ్రేము చూడకపోయుంటే ఆ పాటి కూడా జరిగేది కాదని మాత్రం చెప్పగలను.

టవర్ పక్కన చెట్టులా విచ్చుకున్న ఆ మెరుపు ఫొటో ఇంకా నా పేజీలో ఉంది. అది బాగుందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కాకపోతే ఇప్పుడు దాన్ని చూసినప్పుడల్లా కింద కట్ చేసిన భాగం ఎంత ఉందా అని చూసుకుంటాను. మీరు కూడా ఈసారి ఎవరిదైనా మెరుపు ఫొటో చూసినప్పుడు పైన గీత ఎంత అందంగా ఉందో చూశాక, ఒకసారి కింది అంచు దాకా రండి. ఆ ఫొటో ఎక్కడ ఆగిపోయిందో, అక్కడినుంచి ఎవరి ఇళ్ళు మొదలవుతాయో ఒక నిమిషం ఆలోచించండి.